కదపని కలశం

పోయిన శ్రావణంల, వరలక్ష్మీ వ్రతం తెల్లారి, శనివారం పొద్దుగాల్నే మా ఎదురు ఫ్లాటు పిల్ల కీర్తి వచ్చి బెల్లు కొట్టింది. భుజానికి లాప్‌టాప్ బ్యాగు, నోట్ల హెయిర్‌క్లిప్పు, చేతిల తాళంచెవి. "ఆంటీ, ఆఫీసుల అర్జెంటంట, ఇప్పుడే పోవాలె. కలశం ఇంక కదపలేదు. జెర మీరే కదిపేయరా, ప్లీజ్" అన్నది. నాకు ఎక్కడ లేని కోపమొచ్చింది. నా నోరు మొదటి నుంచి మంచిది కాదు, ముప్ఫై ఏండ్లు బడిల పిల్లల మీద అరిచిన నోరు. "నిన్న పొద్దంత పట్టుచీర కట్టుకుని ఫోటోలు దిగెతందుకు టైముండె. ఇంటికి పిల్సి పీటేసి కూసోబెట్టిన తల్లిని సాగనంపెతందుకు రెండు నిమిషాలు లేవా? అయినా నన్ను కదపమంటవేందే, మీ అంకుల్ పోయి రెండేండ్లాయె, తెల్వదా నీకు?" అన్న. "అబ్బ, అవన్ని ఎవరు చూస్తున్నరాంటీ" అనుకుంట తాళంచెవి నా చేతిల పెట్టి లిఫ్టు దిగిపోయింది.

తెల్వనోళ్ల కోసం చెప్తున్న. వ్రతం నాడు పీట మీద బియ్యం పోసి, ఆ మీద రాగిచెంబు పెట్టి నీళ్లు పోసి, మామిడాకులు పెట్టి, మీద కొబ్బరికాయ నిలబెట్టి, అండ్లకు లక్ష్మిని రమ్మని పిలుస్తం. పిలిచినంక ఆమె అండ్లనే ఉంటది. శుక్రవారం పూట లక్ష్మిని పొమ్మనరు. శనివారం తానం చేసి, హారతిచ్చి, కలశాన్ని రెండు చేతుల పట్టుకుని ఉత్తరం దిక్కు ఇంత జరిపి "పోయి రా తల్లీ" అంటం. కదుపుడంటే గదే. కదిపేదాంక ఆమె మన ఇంట్ల కూసున్నట్టే లెక్క. ఆ పొద్దు కీర్తి ఇంట్ల నేను కలశం ముందర నిలబడి చేతులు చాపిన. చాపిన చేతులు చాపినట్టే ఆగిపోయినయి. వాళ్ల పనమ్మాయి వచ్చి "ఏమైందమ్మా, కండ్లు తిరుగుతున్నయా?" అని అడిగేదాంక అట్లనే ఉన్న. ఎట్లనో కదిపి, తాళమేసి, మా ఇంటికొచ్చి సోఫాల కూలవడ్డ. అరవై దాటినయి నాకు. పన్నెండేండ్ల వయసుల పట్టిన భయం ఇంక నా చేతులల్లనే ఉన్నదని గప్పుడు తెలిసింది.

ఇప్పుడంటే మారేడ్‌పల్లిల ఈ అపార్ట్‌మెంట్ గని, నా చిన్నప్పుడు మేము చిలకలగూడల ఉండేటోళ్లం. స్టేషన్ ఎనక గల్లీ, రెండర్రల పోర్షను, ముందర వరండా, వాకిట్ల రెండిండ్లకు కలిపి ఒకటే నల్లా. నాయనకు రెజిమెంటల్ బజార్ల పటాలు కట్టే చిన్న దుకాణం. దేవుండ్ల పటాలు, పెండ్లి ఫోటోలు, పోయినోళ్ల ఫోటోలు, అన్నిటికి అద్దం కోసి చట్రం బిగించేటోడు. ఆయన గల్లీల అడుగు పెట్టంగనే కర్రపొట్టు వాసన, జిగురు వాసన వచ్చేది. వేళ్ల నిండ అద్దం గీసిన గీతలు. ఆ వేళ్లతోని నా తల నిమిరితే ఎంటికలు తట్టుకునేవి, "ఇడ్వు నాయనా" అని గునిసేదాన్ని. అమ్మ నెలకు మూడొద్దులు బయట కూసునేది, వరండాల చాప మీద. ఆ మూడొద్దులు వంట నాయనదే. పప్పుల ఉప్పెక్కువేసి, "ఇయ్యాల మన పప్పు సముద్రం చూసొచ్చిందే" అని ఆయనే నవ్వేటోడు. అమ్మ వరండాల నుంచి "చెయ్యి కాల్చుకునేరు, జెర చూసుకోండ్రి" అని కేకేసేది. నాకది పండుగ తీరుగ ఉండేది. గోడవతల ఇంజన్లు అటు ఇటు మళ్లుతుంటే ఇంట్ల గిన్నెలన్ని గలగలమనేవి. చుట్టాలొస్తే ఉలిక్కిపడేటోళ్లు గని మాకు చెవులకెక్కకపోయేది.

నా పన్నెండో ఏట వ్రతం మంచిగనే అయింది. అమ్మ కొబ్బరికాయకు పసుపు ముద్దతోని మొకం చేసి, కాటుకతోని కండ్లు దిద్దింది. సాయంత్రానికి నాయన తలనొప్పని పండుకున్నడు, ఒళ్లు కాలుతుండె. తెల్లారి అమ్మ తానం చేసి, తడి తలకు తుండు చుట్టుకుని కలశం కదుపుదామని వస్తుండంగ, వాకిట్ల నల్లా కాడ నాయన దబ్బున పడ్డడు. కాళ్లు చేతులు కొట్టుకుంటున్నయి, నోట్లకెల్లి నురుగు. పక్క పోర్షన్ల విజయనగరం దిక్కు నుంచి వచ్చినోళ్లు ఉండేటోళ్లు. ఆమె పేరు అప్పలనర్సమ్మ, నేను నర్సత్త అనేదాన్ని. ఆమె మొగుడు, గల్లీల ఇంకిద్దరు కలిసి నాయనను రిక్షాల వేసుకుని సర్కారు దవాఖానకు ఉరికిన్రు. ఎనకనే అమ్మ, తలకు చుట్టిన తుండుతోనే. డాక్టర్లు మెదడువాపన్నరు. చెప్పలేమన్నరు.

అమ్మ మర్నాడు పొద్దుగూకే యాళ్లకు బట్టలకని ఇంటికొచ్చింది. నర్సత్త ఎదురొచ్చి, "ఏటమ్మా, అమ్మోర్ని నిన్ననే కదపాల గదా, మర్సిపోనావేటి? కూకోబెట్టిన తల్లిని అలగొగ్గేస్తే ఎలగ?" అన్నది. అమ్మ పూజ కాడికి పోయి నిలబడ్డది. నేను కొంగు పట్టుకుని నిలబడ్డ. ఇగ కదుపుతది అనుకున్న. అమ్మ మాత్రం చేతులు కట్టుకుని, ఎదురింటి ఆడామెతోని మాట్లాడినట్టే కలశంతోని మాట్లాడింది. "లేచి పోదామనుకుంటున్నవేమో. పోనియ్య. ఈ ఇంట్ల అన్ని కదిలినయి, నువ్వొక్కదానివి కదలకు. ఆయన తన కాళ్ల మీద నడుచుకుంట ఈ గడప తొక్కాలె. గానాడు నేనే హారతిచ్చి సాగనంపుత. గందాంక కూసో" అన్నది. నర్సత్త చెంపలేసుకున్నది. నాకైతే ఆ మాట విన్నంక కడుపుల ఇంత ధైర్యమొచ్చింది. లక్ష్మి లేస్తలేదు, అంటే నాయన వస్తడు. పన్నెండేండ్ల బుర్రకు లెక్క అట్ల తేలింది.

గని కూసున్న దేవత ఉన్న ఇల్లంటే మాటలా? రెండు పూటల దీపం పెట్టాలె, ఇంత నైవేద్యం పెట్టాలె. ఇంటికి తాళం వెయ్యొద్దు, ఆమెనొక్కదాన్నే ఇడిసి పోవద్దు. అమ్మ పొద్దుగాల టిఫిన్ క్యారియర్ పట్టుకుని దవాఖానకు పోతే మళ్ల చీకటి పడంగ వచ్చేది. గందుకని నా బడి బందయింది. నేనే కావలి. తలుపు తీసి పెట్టుకుని, లక్ష్మి ముందర చాపేసుకుని కూసునేదాన్ని. మొదట పరమాన్నం పెట్టినం, తరువాత పాలు, ఆ తరువాత ఉత్త బెల్లం ముక్క. చామంతులు వాడి నల్లగయినయి. మామిడాకులు ఎండి చెయ్యి తగిలితే పొడయ్యేవి. చెంబుల నీళ్లు ఇంకితే అమ్మ పైనుంచి పోసేది. ఇల్లంత పాత పసుపు, చచ్చిన పూలు, కర్పూరం కలిసిన వాసన. పసుపు మొకం మీద, ఎడమ చెంపకు సన్నగ పగులొచ్చింది. అయినా ఆ కాటుక కండ్లు మాత్రం అట్లనే చూస్తుండేవి. ఇంట్ల అమ్మ మొకం దినదినం గుంజుకపోతుండె, అద్దంల నా మొకం నేనే గుర్తు పట్టకుంటయిన. మారంది ఆమె ఒక్కతే. ఎక్కాలు ఆమెకే ఒప్పజెప్పేదాన్ని. ఆకలైతే ఆమెకే చెప్పేదాన్ని. ఏడుపొస్తే ఆమె దిక్కు చూసేదాన్ని, కూసున్నది గదా అనుకునేదాన్ని.

రైళ్లతోని మాత్రం నా ప్రాణం పోయేది. అన్నేండ్లు వినపడని చప్పుడు గప్పుడు షురువైంది. ఇంజన్ మళ్లంగనే గిన్నెలు గలగల, పీట దడదడ, కొబ్బరికాయ సన్నగ వణికేది. అది కదిలినట్టా కాదా? ఎవరినడగాలె? అడిగితే, కదిలినట్టే అంటే ఏం చెయ్యాలె? గందుకని బండి చప్పుడు దూరంగ వినపడంగనే ఉరికి పోయి పీటను రెండు చేతుల బిగ్గ పట్టుకుని కండ్లు మూసుకునేదాన్ని. అది సికింద్రాబాద్ స్టేషన్, బండ్లకేం తక్కువ? దినానికి ఎన్నిసార్లు పట్టుకున్ననో లెక్క లేదు. అమ్మ రాంగనే "నాయన ఏమన్నడు?" అని అడిగేదాన్ని. "ఏమంటడు బిడ్డా, కండ్లు తెరుస్తలేడు" అనేది. ఒక్క దినం మాత్రం "ఇయ్యాల నా వేలు పట్టుకున్నడే" అన్నది. ఆ సాయంత్రం అమ్మ మళ్ల పరమాన్నం వండింది. నేను పొట్ట పగలంగ తిన్న.

రెండు వారాలు నిండినంక అమ్మ బయట కూసోవాల్సి వచ్చింది. దవాఖానల గవేం పట్టింపుల్లేవు, అక్కడికి పోనే పోతుండె. ఇంట్లకు మాత్రం రాకపోయేది. వరండాల నుంచే "దీపం పెట్టినవా? బెల్లం పెట్టినవా?" అని అడిగేది. నర్సత్తను దీపం పెట్టమందామంటే ఆమె మరిదికి కొడుకు పుట్టిండని ఉత్తరమొచ్చింది. "మాకు పది రోజులు పురుడే తల్లీ, నాను మీ గుమ్మం తొక్కకూడదు" అని వాకిట్లనే నిలబడి బాధపడ్డది. ఇగ మిగిలింది నేనే. అమ్మ నన్ను దూరం నుంచే చూసి, "నీ చేతులనే ఉన్నది బిడ్డా, ఈ మూడొద్దులు గట్టెక్కియ్యి" అన్నది.

మర్నాడు పొద్దున అమ్మ పోయినంక, తానానికి పోతే లంగా మీద మరక కనపడ్డది.

అదేందో నాకు తెల్వక కాదు. రెండర్రల ఇంట్ల అమ్మ పక్కన పెరిగిన ఆడపిల్లను, తెల్వకెట్లుంటది? తెలుసు గనుకనే భయం. నల్లా కాడ తడి బట్టలతోని కూసుని ఒకటే ఆలోచన. చెప్తే నన్ను సుత వరండాల కూసోబెడ్తరు. దీపం పెట్టెతందుకు ఎవ్వరుండరు. దీపం లేని ఇంట్ల ఆమె ఉండది, లేచిపోతది. ఆమె లేస్తే నాయన పోతడు. చెప్పకుంటే, అంటు చేతులతోని ముట్టుకుంటే, గప్పుడు సుత లేచిపోతదేమో. ఎటు జూసినా నాయన పోవుడే కనపడుతుండె. ఏడ్సి ఏడ్సి, అమ్మ పాత చీర చింపి కట్టుకుని, తలమీద చెంబెడు నీళ్లు గుమ్మరించుకుని లోపలికి పోయిన. ఒత్తి వెలిగిస్తుంటే మూడు అగ్గిపుల్లలు ఆరిపోయినయి. "నేను ముట్టయిన. నువ్వొక్కదానివే ఎరుక, ఇంకెవ్వరికి తెల్వది. నీకు కోపమొస్తే నన్ను చంపు. లేచిపోకు. నీ కాళ్లు మొక్కుత, లేచిపోకు" అన్న. సాయంత్రం పెట్టిన. మర్నాడు పొద్దున పెట్టిన. పెట్టిన ప్రతిసారి ఆ పసుపు మొకం దిక్కు చూస్తుంటి, పగులు పెద్దగయిందా అని. రైలొస్తే పీట పట్టుకునేటందుకు సుత భయమైతుండె, ముట్టకుంటే కదుల్తదని భయమైతుండె.

ఆ మధ్యాహ్నమే రిక్షా వచ్చి ఆగింది. అమ్మ దిగింది, జనగామ నుంచి ఆ పొద్దే వచ్చిన మా పెద్దత్త, నాయనకు అక్క, ఆమె దిగింది. పెద్దత్త రొమ్ము కొట్టుకుంట ఏడుస్తున్నది. అమ్మ ఏడుస్తలేదు. వరండాల చాప మీద కూసుని నన్ను చూసి, "నాయన లేడు బిడ్డా" అన్నది, అంతే.

పెద్దత్త కండ్లు తుడుసుకుని లేచి లోపలికి తొంగి చూసింది. "అయ్యో, లక్ష్మి ఇంక పీట మీదనే ఉన్నదా! పీనుగ గడపకు రాకముందే లేపాలెనే. నువ్వు ముట్టొద్దు, బయటున్నవు, పసుపు కుంకుమ పోగొట్టుకున్నవు. నేను ముండమోపిని. పిల్లకేం లేదు గదా, పిల్లతోని కదిపియ్యి. పోవే, జల్ది కదిపి రా" అని నా రెక్క పట్టి లోపలికి తోసింది. నేను గడప మీదనే కూలవడ్డ. "నేను కదపొద్దు పెద్దత్తా. నేను నిన్న పొద్దున ముట్టయిన. చెప్పలే. చెప్పకుంటనే దీపం పెట్టిన" అన్న. పెద్దత్త నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నది. "ఎంత పని చేస్తివే! ముట్టు చేతులతోని లక్ష్మికి దీపమా? గందుకేనే! గందుకే మా తమ్ముడు..." అని నెత్తి కొట్టుకున్నది. నేను రెండొద్దుల నుంచి లోపల్లోపల అనుకుంటున్న మాట అది. పెద్దోళ్ల నోట్లకెల్లి వచ్చేసరికి ఇగ అది నిజమే అయిపోయింది. నాయనను నేనే చంపిన.

అమ్మ చాప మీద నుంచి లేచింది. వచ్చి గడపల నా పక్కన నిలబడి లోపలికి చూసింది. "నిన్న పొద్దున నుంచేనా?" అని అడిగింది. తలూపిన. "ఎన్నిసార్లు దీపం పెట్టినవు?" "మూడుసార్లు." "బెల్లం?" "పెట్టిన." అమ్మ ఇంకొంచెంసేపు చూసి పెద్దత్త దిక్కు తిరిగింది. "వదినె, జెర ఇటు చూడు. మూడు పూటల ముట్టు చేతి దీపం చూసింది. లేచి పోయిందా? కాయ ఒరిగిందా? ఎక్కడ కూసోబెట్టిన్నో గక్కడనే ఉన్నది. ఆమె లేచి పోతే పిల్ల తప్పు. ఆమె లేవనే లేదు, ఇగ పిల్ల ఏం తప్పు చేసింది?" అన్నది. పెద్దత్త "అయితే మరి?" అన్నది. "నేను కదప, కదపనియ్య. ముట్టుకు లేవనామె సావుకు లేస్తదా? ఆయన పోనే పోయిండు. ఆమెను సుత నా చేతులతోని ఎల్లగొట్టుకోమంటవా?" అన్నది అమ్మ. గంత గట్టిగ మా అమ్మ ఆడబిడ్డ ముందర మాట్లాడుడు నేను మళ్ల చూడలే. పెద్దత్త తిట్టింది, శాపాలు పెట్టింది, ఆఖరికి నాయన ధోతి ఒకటి తీసి లక్ష్మికి అడ్డం కట్టింది. నాయనను వరండాలనే పండబెట్టిన్రు.

పదొద్దులు దీపం లేదు, బెల్లం లేదు. ధోతి ఎనకాల చీకట్ల ఆమె, ధోతికి ఇవతల గోడకానుకుని అమ్మ. చుట్టాలు వచ్చి, "ఏడువే, ఏడువకుంటే పిచ్చి లేస్తది" అన్నరు. అమ్మకు చుక్క నీళ్లు రాలే. అందరు పోయినంక మాత్రం ధోతి దిక్కు తిరిగి తిట్టేది. "కూసున్నవు గదా, కూసో. కూసుని నా ఇల్లు కూలుతుంటే చూసినవు. కండ్లు దిద్దింది గిందుకేనా? చెయ్యి లేదు నీకు? నోరు లేదు?" అని పండ్లు కొరికేది. వేరేటోళ్లు వింటే భయపడేటోళ్లు. నేను మాత్రం ఆ తిట్లు వినుకుంటనే నిద్ర పోతుంటి. తిట్టేటందుకు ఆమె అక్కడ ఉన్నది గదా. లేచి పోయినదాన్ని ఎవరన్న తిడ్తరా?

ఇప్పటి పిల్లలు గోలీలేసుకుని ముట్టు తేదీలు జరుపుకుంటరు, కొందరైతే అసలు పట్టించుకోరు. మంచిదే, ఆ వరండా చాప పోయినందుకు నాకేం బాధ లేదు. ఏ పిల్ల సుత నేను మోసిన భయం మోయొద్దు. గని రెండేండ్ల కింద మా ఆయన పోయిననాడు, ఇంటి నిండ మనుషులున్నరు, అన్ని పనులు ఫోన్ల మీద అయిపోయినయి, ఎవరో నాకు బీపీ చూసిన్రు. నేను గోడ మీద పటాల దిక్కు చూసిన. ఎవరిని తిట్టాలెనో తెల్వలే. నేనెవరినీ పిలిచి కూసోబెట్టలే, లేవొద్దని ఎవరినీ బెదిరియ్యలే. అమ్మకున్న కోపం సుత నాకు లేకపాయె. గా పొద్దు నాకొచ్చిన భయం, ఆ చిలకలగూడ ఇంట్ల పదొద్దులల్ల ఒక్కనాడు సుత రాలే.

పదకొండోనాడు ఇల్లంత కడిగినంక, అమ్మ నాకు తలకు పోసి, ధోతి ఊడదీసింది. పసుపు మొకం సగం రాలి పోయింది, ఒక్క కన్నే మిగిలింది. "ఇగ కదుపు బిడ్డా. పోయి రా తల్లీ అను" అని తను దూరం నిలబడ్డది. నేను చెంబును రెండు చేతుల పట్టి ఉత్తరం దిక్కు జరిపిన. జరగలే. ఇంకింత గట్టిగ నూకిన. పీట కిర్రుమన్నది, కలశం మాత్రం ఇంచు జరగలే. చెంబు అడుగున సన్నగ చిల్లి ఉన్నట్టుంది. నీళ్లు కారి, కింద పోసిన బియ్యం ఉబ్బి, ఎండి, చెంబు పీట ఒకటే రాయైనట్టు పట్టుకున్నయి. "అమ్మా, వస్తలేదే" అని భయంతోని ఏడుపు మొకం పెట్టిన.

అమ్మ వచ్చి వంగి చూసింది. తను సుత ఒక్కసారి నూకి చూసింది. పెద్దత్త, చుట్టాలు వరండాల ఉన్నరని సుత చూడకుంట పక్కున నవ్వింది. "పొమ్మంటె సుత పోతలేదు చూడే" అన్నది. నవ్వుకుంటనే పీట ముందర కూలవడి, ఆ చెంబును రెండు చేతుల పట్టుకుని గోడు గోడున ఏడ్సింది. నాయన పోయినంక అమ్మ ఏడ్సుడు గదే మొదలు. పెద్దత్త ఉరికొచ్చి గరిటెతోని బియ్యం గీకబోతే అమ్మ ఆమె చెయ్యి పట్టుకున్నది. "ఉండనియ్యి వదినె. ఇయ్యాలొక్కదినం ఉండనియ్యి" అన్నది.